ఐదు డాలర్ల టికెట్టు

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలు కొందరు గిటార్లు కూడా తెచ్చుకున్నారు. చూస్తుంటే చాలా సంతోషంగా ఉంది. ఇవాళ నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే. పెద్దలు ఏమీ అనుకోవద్దు.

నన్ను పిలిచినవాళ్ళు "ఇండిపెండెంట్ బ్యాండ్ అంటే ఏంటో చెప్పండి సార్" అన్నారు. నిర్వచనం చెప్పేకన్నా ఒక బ్యాండ్ సంగతి మొదట్నుంచి చివరిదాకా చెప్తే బాగుంటుందనిపించింది. ఆ బ్యాండ్ పేరు ఫుగాజీ. అమెరికాలో వాషింగ్టన్ డీసీ వాళ్ళది. 1987లో మొదటి కచేరీ, 2002లో ఆఖరి కచేరీ. నలుగురు మనుషులు, పదిహేనేళ్ళు, వెయ్యికి పైగా కచేరీలు. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ వాయించారు. యూరప్, జపాన్, ఆస్ట్రేలియా తిరిగారు. మేనేజర్ లేడు. బుకింగ్ ఏజెంట్ లేడు. పెద్ద కంపెనీతో అగ్రిమెంట్ లేదు. టీషర్టులు అమ్మలేదు. టికెట్టు ఐదు డాలర్లు. ఆఖరి సంవత్సరాల్లో కొన్నిచోట్ల ఆరు, ఏడు అయింది.

నేను ఫుగాజీని మొదటిసారి విన్నది 2003లో, ఇంజినీరింగ్ హాస్టల్లో. సీనియర్ ఒకాయన ఒక కాపీ సీడీ ఇచ్చాడు. దాని మీద మార్కర్‌తో పేరు ఒక్కటే రాసి ఉంది. అప్పటికే వాళ్ళు కచేరీలు ఆపేశారని నాకు తెలియదు. మొదటి పాట 'వెయిటింగ్ రూమ్'. ముందు బేస్ గిటార్ ఒక్కటే మొదలవుతుంది. మనిషి నడుస్తున్నట్టు, కంగారు లేకుండా. దాని మీదకి డ్రమ్స్ వస్తాయి, గిటార్ వస్తుంది. ఊపందుకుంటోంది అనుకునే సరికి మొత్తం ఆగిపోతుంది. ఒక్క శబ్దం ఉండదు. సీడీ పాడైందేమో అనుకుని లేచి ప్లేయర్ దగ్గరికి వెళ్ళాను. చెయ్యి బటన్ మీద పెట్టేలోపు మళ్ళీ నలుగురూ ఒక్కసారి అందుకున్నారు. ఆ రాత్రి ఆ పాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నేను బేస్ వాయించడం నేర్చుకున్నది ఆ నాలుగు వరసల కోసమే.

నా సంగతి ఒక్కటి చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను. కాలేజీ అయ్యాక మా బ్యాండ్ నాలుగు సొంత పాటలు రికార్డ్ చేసింది. ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, పాటలు తీసుకుంటాం, సంతకం పెట్టండి అన్నారు. నాలుగు పేజీల కాగితం. కంపెనీ పిలిచిందన్న ఆనందంలో మేం ఆ నాలుగు పేజీలు చదవలేదు. రెండేళ్ళ తర్వాత మా పాటని మేమే ఇంటర్నెట్‌లో పెట్టుకుంటే తీసెయ్యమని నోటీసు వచ్చింది. మా అమ్మ ఇంట్లో స్టవ్ దగ్గర నిలబడి విన్న పాట అది. దాని మీద మాకు హక్కు లేదన్నారు. డ్రమ్మర్ ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫుగాజీ పాటలు నాకు అంతకుముందే ఇష్టం. వాళ్ళ లెక్కలు ఎందుకు చదవాలో నాకు ఆ రోజు తెలిసింది.

ఫుగాజీ సంగతి తెలియాలంటే ఏడేళ్ళు వెనక్కి, 1980కి వెళ్ళాలి. వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అని స్కూలు పిల్లల పంక్ బ్యాండ్. పంక్ అంటే వేగంగా, గట్టిగా వాయించే ఒక రకం రాక్. అందులో బేస్ వాయించే కుర్రాడు ఇయన్ మకాయ్, డ్రమ్స్ జెఫ్ నెల్సన్, పాడేది నేథన్ స్ట్రెజ్‌సెక్. ఆ వేసవిలో వీళ్ళు బస్సెక్కి కాలిఫోర్నియా వెళ్ళారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక క్లబ్బు వాళ్ళు ఈ పిల్లల్ని లోపలికి రానిస్తూ, మందు పొయ్యకుండా గుర్తుకోసం చేతి మీద నల్లగా పెద్ద ఇంటూ మార్కు గీశారు. వీళ్ళు ఊరికి తిరిగొచ్చి అక్కడి క్లబ్బులతో, మాక్కూడా ఇలాగే గీయండి, మేం తాగం, పాట వింటాం, లోపలికి రానివ్వండి చాలు అన్నారు.

ఇది చిన్న విషయంగా తీసుకోకండి. క్లబ్బుకి డబ్బు వచ్చేది బార్ దగ్గర. పాట అనేది జనాన్ని బార్ దాకా తీసుకొచ్చే సాధనం. తాగే వయసు లేనివాడు ఆ లెక్కలో ఎవడికీ పనికిరాడు. మన దగ్గర కూడా, తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ, మద్యానికి 21 నిండాలి. సొంత పాటలు వాయించే బ్యాండ్లకి పబ్బే స్టేజీ అయితే పదిహేడేళ్ళ అమ్మాయి ఆ పాట ఎక్కడ వినాలి? పాట అవసరం మనిషికి అందరికన్నా ఎక్కువగా ఉండేది ఆ వయసులోనే. ఇయన్ మకాయ్ ఆ ప్రశ్నని పదిహేడు, పద్దెనిమిదేళ్ళప్పుడు అడిగాడు, తర్వాత ఎప్పుడూ వదల్లేదు. ఫుగాజీ కచేరీలకి అన్ని వయసులవాళ్ళనీ రానివ్వాలన్న షరతుకి వేరు ఇక్కడుంది.

టీన్ ఐడిల్స్ ఏడాదికే విడిపోయింది. కచేరీల్లో వచ్చిన డబ్బు దాచుకుంటే దాదాపు 600 డాలర్లు మిగిలాయి. నలుగురూ పంచుకుంటే మనిషికి 150 వస్తాయి. పంచుకోలేదు. విడిపోయిన బ్యాండ్ పాటల్ని రికార్డుగా వేద్దాం అనుకున్నారు. గుర్తుగా ఉంటుంది, ఊళ్ళో తర్వాత వచ్చే బ్యాండ్లకి దారి కూడా అవుతుంది. అలా పుట్టిందే డిస్కార్డ్ రికార్డ్స్. ఏడంగుళాల రికార్డు, ఎనిమిది పాటలు, వెయ్యి కాపీలు.

రికార్డు ప్రెస్ చెయ్యడానికి ఫ్యాక్టరీ ఉంది. అట్ట కవర్లకి డబ్బు చాలలేదు. అప్పుడు ఏం చేశారంటే, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక రికార్డు కవరు తీసుకుని, అంచులు అంటించిన చోట జాగ్రత్తగా ఊడదీసి, కాగితం బల్లపరుపుగా పరిచారు. ఎక్కడ మడత, ఎక్కడ జిగురు అంటే రెక్క ఉండాలి, అంతా అందులోనే కనపడింది. ఆ ఆకారం గీసుకుని ప్రింటింగ్ ప్రెస్సులో పెద్ద కాగితాల మీద అచ్చు వేయించారు. తర్వాత ఇంట్లో కూర్చుని కత్తెరతో కత్తిరించడం, మడవడం, జిగురు పూయడం. స్నేహితులంతా చుట్టూ కూర్చుని చేశారు. వెయ్యి కవర్లు. మన ఇళ్ళల్లో పెళ్ళి శుభలేఖలకి పసుపు రాస్తూ చాప మీద కూర్చోవడం మీకు గుర్తొస్తే, ఆ దృశ్యం అదే. ఆ తర్వాతి రికార్డులకీ కొన్నాళ్ళు అలాగే చేశారు.

1981లో వాళ్ళు ఆర్లింగ్టన్‌లో ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. నది దాటితే వర్జీనియా, అద్దె తక్కువ. ఇల్లే ఆఫీసు, కింద రిహార్సల్. వాషింగ్టన్ బ్యాండ్ల రికార్డులే వేస్తాం, వేరే ఊరివి వెయ్యం అన్నది వాళ్ళ నియమం. బ్యాండ్లతో రాతపూర్వకంగా అగ్రిమెంట్లు లేవు. మాట మీద నడిచింది. రికార్డు అమ్మిన డబ్బు లెక్క చూసి బ్యాండ్‌కి ఇవ్వాల్సింది ఇవ్వడం, అంతే. పోస్టులో తెప్పించుకుంటే ఎంతో ఆ ధర కవరు వెనకే అచ్చు వేసేవాళ్ళు, షాపువాడు ఎక్కువ లాగకుండా. నేను సంతకం పెట్టిన నాలుగు పేజీలు ఇక్కడ నాకు మళ్ళీ గుర్తొస్తాయి. మాటకి కట్టుబడి నాలుగు దశాబ్దాలు దాటిన కంపెనీ ఒకటి ఈ లోకంలో ఉంది.

మధ్యలో ఇయన్ మైనర్ థ్రెట్ అనే బ్యాండ్‌లో పాడాడు, దానికి మంచి పేరు వచ్చింది, 1983లో అది ఆగింది. అదే ఊళ్ళో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అని ఇంకో బ్యాండ్, అందులో గీ పిచియాటో, బ్రెండన్ క్యాంటీ. జో లాలీ వేరే బ్యాండ్‌తో సామాన్లు మోసే పనికి తిరిగేవాడు, బేస్ వాయించేవాడు. 1987 సెప్టెంబర్ 3న విల్సన్ సెంటర్ అనే కమ్యూనిటీ హాల్లో ఇయన్, జో, బ్రెండన్ ముగ్గురూ ఫుగాజీగా మొదటిసారి వాయించారు. గీ కొద్ది రోజులకి వచ్చి చేరాడు. మొదట్లో చేతిలో గిటార్ లేదు, పాడడం, ఆడడం. తర్వాత రెండో గిటార్ అయ్యాడు. అప్పుడు పాట మారింది. రెండు గిటార్లూ ఒకేమాట చెప్పవు. ఒకటి అడుగుతుంది, ఒకటి కాదంటుంది. 1990లో వచ్చిన 'రిపీటర్' ఆల్బమ్‌లో అది బాగా వినపడుతుంది. పాటల వరస ముందు రాసుకుని స్టేజీ ఎక్కే అలవాటు వీళ్ళకి లేదు. తర్వాత ఏ పాటో అక్కడికక్కడే ఒకరి వాయింపు విని ఇంకొకరు పట్టుకునేవాళ్ళు. అంటే అన్ని పాటలూ అందరికీ ఎప్పుడూ చేతిలో ఉండాలి. సాధన చెయ్యని బ్యాండ్ అలా ఒక్క రాత్రి కూడా నిలబడలేదు.

ఇప్పుడు ఐదు డాలర్ల దగ్గరికి వద్దాం. ఇవాళ నేను వచ్చింది దీని కోసమే.

1990లో అమెరికాలో గంటకి కనీస కూలి 3 డాలర్ల 80 సెంట్లు. అంటే బర్గర్ షాపులో పనిచేసే కుర్రాడు గంటన్నర లోపు కష్టపడితే ఫుగాజీ టికెట్టు కొనుక్కోవచ్చు. ఆ కుర్రాణ్ణి ముందు తలుచుకుని, తర్వాత మిగతా లెక్కంతా దానికి తగ్గట్టు కట్టారు. మనం సాధారణంగా చేసేది దీనికి తిరగేసి. ఖర్చులన్నీ రాసి, మన ఆశ కలిపి, జనంతో భాగించి టికెట్టు ధర తేలుస్తాం. అప్పుడు వచ్చేవాడు ఎవడో మన చేతుల్లో ఉండదు.

లెక్క ఎలా కుదిరిందో చూడండి. మామూలుగా మేనేజర్‌కి వందకి పదిహేను నుంచి ఇరవై, బుకింగ్ ఏజెంట్‌కి పది పోతాయి. వీళ్ళకి ఆ ఇద్దరూ లేరు. ఊరూరా ఫోన్ చేసి కచేరీలు మాట్లాడేది ఇయనే. వ్యాన్ నడిపేది వాళ్ళే. సామాన్లు ఎత్తేది వాళ్ళే. చాలా రాత్రులు తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో నేల మీద పడుకున్నారు. కచేరీ చెయ్యడానికి క్లబ్బే అక్కర్లేదు. చర్చి హాలు, స్కూలు జిమ్, కమ్యూనిటీ సెంటర్, ఏదైనా సరే. అక్కడ బార్ ఉండదు కాబట్టి పిల్లల్ని ఆపేవాడూ ఉండడు. ఉదాహరణకి ఎనిమిది వందల మంది వచ్చారనుకోండి, నాలుగు వేల డాలర్లు. హాలు అద్దె, సౌండ్, ముందు వాయించిన స్థానిక బ్యాండ్ల వాటా తీసేసినా వ్యాన్‌లో తిరిగే నలుగురికి మిగులుతుంది. త్యాగం చేశారని చాలామంది అనుకుంటారు. వాళ్ళ ఇంట్లో చలికాలం హీటర్ కూడా వేసుకోరని, అన్నం తప్ప ఏమీ తినరని కథలు పుట్టాయి. అవేవీ నిజం కాదు. నలుగురూ దాని మీదే బతికారు. ఎవరికీ బాకీ పడలేదు. అది నాకు త్యాగం కన్నా గొప్పగా కనపడుతుంది.

వాళ్ళ ఊళ్ళో మాత్రం డబ్బు కోసం వాయించలేదు. వాషింగ్టన్‌లో చేసిన కచేరీలు దాదాపు అన్నీ సహాయ నిధులకో, నిరసనకో, లేదా ఉచితంగానో చేసినవి. పాజిటివ్ ఫోర్స్ అనే యువ కార్యకర్తల బృందంతో కలిసి పనిచేసేవాళ్ళు. వేసవిలో ఫోర్ట్ రీనో పార్కులో గడ్డి మీద ఉచితంగా వాయించేవాళ్ళు. 1990 డిసెంబర్‌లో ఊరికి దగ్గర్లోని లార్టన్ జైల్లో ఖైదీలకి వాయించారు. ఆ తర్వాతి నెలలో, 1991 జనవరి 12న, గల్ఫ్ యుద్ధం మొదలవబోతున్న రోజుల్లో వైట్‌హౌస్ ఎదురుగా పార్కులో వాయించారు.

ఇంకొక సంగతి నాకు బాగా ఇష్టం. అప్పటి పంక్ కచేరీల్లో ముందు వరసలో ఒకరినొకరు గుద్దుకోవడం, స్టేజీ ఎక్కి జనం మీదకి దూకడం మామూలు. బలమున్న మగపిల్లలు ముందుంటారు. ఆడపిల్లలు, చిన్నవాళ్ళు గోడకి అతుక్కుని నిలబడతారు. ఫుగాజీ పాట మధ్యలో ఆపేసేది. పూర్తిగా. ఇయన్ మైకులో ఆ గుద్దేవాణ్ణే చూస్తూ, సార్ అని మర్యాదగా పిలిచి, పక్కవాళ్ళకి దెబ్బలు తగులుతున్నాయి, ఆపండి అని అడిగేవాడు. వినకపోతే బయటికి పంపేవాళ్ళు. పంపేటప్పుడు చేతిలో ఒక కవరు పెట్టేవాళ్ళు. అందులో ఐదు డాలర్ల నోటు. దానికోసం ముందే నోట్లు పెట్టిన కవర్లు కొన్ని సిద్ధంగా ఉంచుకునేవాళ్ళు.

ఆ కవరు గురించి ఆలోచించండి. టికెట్టు యాభై డాలర్లయితే తిరిగి ఇవ్వడానికి ఎవడికైనా మనసు రాదు. సెక్యూరిటీవాడి చేత తోయిస్తాం. ఐదే కాబట్టి, ఇదిగో నీ డబ్బు, నీ బాకీ తీరింది, వెళ్ళిరా అనగలిగారు. ధర తక్కువగా ఉండటం వల్ల హాల్లో ఎవరు నిలబడాలో చెప్పే హక్కు వాళ్ళ దగ్గరే మిగిలింది. ఇది పూర్తిగా బాగుందని చెప్పను. పాట ఆపితే విసుక్కున్నవాళ్ళున్నారు, క్లాసు పీకుతున్నారని తిట్టినవాళ్ళున్నారు. నేను ఆ రికార్డింగులు విన్నాను. కొన్నిసార్లు ఆ ఆగడం చాలాసేపు సాగుతుంది, ఊపు పోతుంది కూడా. అయినా గోడ దగ్గర నిలబడ్డ అమ్మాయి వైపు నుంచి వింటే నాకు అది కచేరీలో భాగమే అనిపిస్తుంది.

1991లో నిర్వాణ అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్ 'నెవర్‌మైండ్' వచ్చాక పెద్ద కంపెనీలన్నీ ఇలాంటి బ్యాండ్ల వెంట పడ్డాయి. ఫుగాజీ వెంట కూడా. లొలాపలూజా అనే పెద్ద సంగీతోత్సవం పిలిస్తే వెళ్ళలేదు. సిగరెట్, మందు ప్రకటనలు వేసే పత్రికలకి ఇంటర్వ్యూలు ఇవ్వలేదు. 1993లో న్యూయార్క్ రోజ్‌లాండ్ హాల్లో కచేరీ అయ్యాక అట్లాంటిక్ రికార్డ్స్ అనే పెద్ద కంపెనీ స్థాపకుల్లో ఒకరైన అహ్మెట్ ఎర్టెగన్ స్వయంగా స్టేజీ వెనక్కి వచ్చి అడిగారు. వద్దన్నారు. అదే ఏడాది వచ్చిన వాళ్ళ ఆల్బమ్ డిస్కార్డ్ మీదే, అమెరికాలో ఎక్కువ అమ్ముడుపోయే ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో చోటు తెచ్చుకుంది. టీషర్టులు వాళ్ళు వెయ్యకపోయేసరికి బయటివాళ్ళు 'ఇది ఫుగాజీ టీషర్టు కాదు' అని అచ్చేసి అమ్ముకున్నారు.

ఆ ఆల్బమ్ సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని రెండుసార్లు రికార్డ్ చేశారు. మొదట షికాగోలో రికార్డింగ్ ఇంజినీర్ స్టీవ్ అల్బీనీ దగ్గర. ఆయనంటే వాళ్ళకి గౌరవం, స్నేహం. ఇంటికొచ్చి వింటే ఇది మనం అనుకున్నది కాదు అనిపించింది. మళ్ళీ ఆర్లింగ్టన్‌లో తమకి అలవాటైన ఇన్నర్ ఇయర్ స్టూడియోలో ప్రొడ్యూసర్ టెడ్ నైస్లీ, ఇంజినీర్ డాన్ జియంటారాలతో మొదట్నుంచి చేశారు. డాన్ ఆ స్టూడియో నడిపింది చాలా ఏళ్ళు తన ఇంటి నేలమాళిగలో. రిలీజ్ డేట్ తరుముకొస్తోందని పైనుంచి ఫోన్ చేసేవాడు ఎవరూ లేరు కాబట్టి రెండోసారి చెయ్యగలిగారు. మా నాలుగు పాటల్లో ఒకటి నాకు ఇప్పటికీ సగం చేసినట్టే వినపడుతుంది. ఆ రోజు రెండోసారి చేద్దాం అనే ధైర్యం మాకు లేకపోయింది, టైమూ లేకపోయింది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇదంతా వాళ్ళ పట్టుదల ఒక్కటే కాదు. ఊరికి ఊరికి మంచి రోడ్లు, ప్రతి ఊళ్ళో కాలేజీ, కాలేజీలో రేడియో, నమ్మకమైన పోస్టు ఉన్న దేశం అది. మనకి అవన్నీ అలాగే లేవు. కానీ మన దగ్గర ప్రతి ఊళ్ళో కళ్యాణ మండపం ఉంది, లైబ్రరీ హాలు ఉంది. రాత్రంతా కూర్చుని నాటకం చూసిన జనం ఉన్నారు. కొత్త బ్యాండ్లు వాటి వైపు చూడకుండా పబ్బు మేనేజర్ ఫోన్ కోసం ఎదురుచూడటం నాకు బాధగా ఉంటుంది.

2001లో 'ది ఆర్గ్యుమెంట్' వచ్చింది. నా లెక్కలో వాళ్ళ అన్నిటికన్నా మంచి ఆల్బమ్ అదే, నెమ్మదిగా విప్పుకుంటుంది. 2002 నవంబర్ 4న లండన్‌లో వాయించారు. ఆ తర్వాత ఫుగాజీగా మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. గొడవలేం లేవు. పిల్లలు పుట్టారు, ఇళ్ళల్లో పెద్దవాళ్ళని చూసుకోవాలి. నలుగురిలో ఒకరు రాలేకపోతే వేరే మనిషిని పెట్టుకుని తిరగడం వాళ్ళకి కుదరదు. ఆపుతున్నాం అన్నారు, విడిపోయాం అని ఎప్పుడూ అనలేదు. తర్వాత జో, బ్రెండన్ కలిసి మెస్తెటిక్స్ అనే బ్యాండ్‌లో వాయించారు. ఇయన్, ఆయన భార్య ఎమీ ఫరీనా, జో కలిసి కొరికీ అని ఒక బ్యాండ్ పెట్టారు.

వెయ్యి పైచిలుకు కచేరీల్లో ఎనిమిది వందలకి పైగా వాళ్ళ సౌండ్ ఇంజినీర్లు రికార్డ్ చేసి పెట్టారు. 2011 డిసెంబర్ నుంచి వాటిని విడతలుగా డిస్కార్డ్ ద్వారా ఇంటర్నెట్‌లో పెట్టారు. మొదలుపెట్టినప్పుడు ధర ఒక డాలర్ నుంచి వంద దాకా, కొనేవాళ్ళ ఇష్టం. వాళ్ళు సూచించిన ధర ఐదు. ప్రతి కచేరీకి ఒక పేజీ ఉంటుంది. ఏ ఊరు, ఏ తేదీ, ఏ హాలు, ఎంతమంది వచ్చారు, తలుపు దగ్గర టికెట్టు ఎంత. కొన్నిటికి చేత్తో గీసిన పోస్టర్లు కూడా ఉన్నాయి. అవి తిరగేస్తూ నేను చాలా రాత్రులు గడిపాను. ఐదు, ఐదు, ఐదు, ఉచితం, ఐదు, ఆరు, ఐదు. పదిహేనేళ్ళు.

ఇక నేను ఆపుతాను. బాబూ, ఆ స్పీకర్ కొంచెం ఇటు తిప్పు. 'వెయిటింగ్ రూమ్' పెడుతున్నాను. బేస్ మొదలవుతుంది, వినండి. మధ్యలో అంతా ఆగిపోతుంది. అప్పుడు ఎవరూ లేవకండి.